బాపు నేత తప్పలేదు

పోయిన నెలలో అవ్వను, అంటే మా అమ్మను, కంటి పొర చూపించడానికి ఆస్పత్రికి తీసుకుపోయాను. లక్సెట్టిపేట ఆడపిల్లల బడిలో నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అవ్వ నా దగ్గరే ఉంటున్నది. పిలుపు కోసం వరండాలో కూచున్నాం. మా పక్క బెంచీ మీద తలకు కట్టుతో ఒక మనిషి, అతని భార్య. తాడిచెట్టు మీద నుంచి పడ్డాడట. పడి చాలా రోజులైంది. గాయం మానుతున్నది గాని మనిషి ఊరికే నవ్వుతున్నాడు, అంతలోనే భార్యను నోటికి వచ్చినట్టు తిడుతున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎవరి వైపూ చూడకుండా తల వంచుకున్నది. డాక్టరు నడి వయసు మనిషి. వాళ్లను లోపలికి పిలవకుండా తానే బయటికి వచ్చి, స్టూలు లాక్కుని అతని ముందు కూచుని, భార్యను అడిగాడు.

"పడకముందు ఈయన ఎట్లుండేటోడమ్మా?"

"మంచిగనే ఉండె సారూ."

"మంచిగ అంటే? కోపిష్టోడా, నిమ్మళమా? నలుగుర్ల మాట్లాడేటోడా, సప్పుడు చెయ్యకుంట కూసునేటోడా? జర ఆలోచించి చెప్పు."

ఆమె చాలాసేపు ఆలోచించింది. అలా అడగవచ్చునని ఆమెకు ఎన్నడూ తోచలేదేమో. తరువాత మెల్లగా మొదలుపెట్టి, ఆపకుండా చెప్పింది. డాక్టరు అంతా విని, "పైన పుండు మానుతది, లోపల మెదడుకు తాకింది ఇంక పచ్చిగనే ఉన్నది. ఈయన కావాలని తిడ్తలేడు. పిచ్చి లేసింది గూడ కాదు. దెబ్బ ఇంక పని చేస్తుంది, గంతే," అన్నాడు. నా మణికట్టు మీద అవ్వ చేయి బిగుసుకున్నది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే, "మనల ఎవ్వరు గట్ల అడగలే గద బిడ్డా," అన్నది. లేదవ్వా అన్నాను. "అడిగితె నేను చెప్తుంటి. అన్ని చెప్తుంటి," అన్నది. నేను నలుగురిలో నోరు విప్పలేని మనిషిని. బడిలో చిన్నపిల్లల ముందు తప్ప నా గొంతు నాకే వినబడదు. చెప్పుకోవలసినవన్నీ రోజూ రాసుకోవడం అలవాటు చేసుకున్నాను గాని, ఇది మాత్రం ఇంతవరకూ రాయలేదు. అవ్వను ఎవరూ అడగని ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

తలకు దెబ్బ తగలకముందు మా బాపు, అంటే మా నాన్న, మాట తక్కువ మనిషి. మెట్‌పల్లిలో మేం పద్మశాలీలం ఉండే వాడలో మాది మూడు దూలాల పెంకుటిల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంట, మధ్యలో మేం నలుగురం, అంటే బాపు, అవ్వ, బాపు తల్లి అయిన మా బాపమ్మ, నేను. నా తరువాత పుట్టినవాళ్లు దక్కలేదు. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. పులిసిన బియ్యపు గంజి, తడి నూలు, రంగు, మగ్గం గుంతలోని చల్లటి మట్టి, వీటన్నిటి మీదా బాపమ్మ నమిలే పొగాకు. ఇప్పటికీ ఎక్కడన్నా గంజి పులిసిన వాసన వస్తే నాకు ఇంటికి చేరుకున్నట్టు ఉంటుంది. బాపు తెల్లవారకముందే కాళ్లు కడుక్కుని గుంతలోకి దిగేవాడు. కడుక్కోకుండా దిగడం నేను చూడలేదు. పడుగు మధ్య నుంచి అడ్డపోగును లాగే నాడె అటూ ఇటూ తిరుగుతుంటే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పోగు తెగితే బాపు విసుక్కునేవాడు కాదు. మగ్గం ఆపి, ముందుకు వంగి, తెగిన కొసను వెతికి, రెండు వేళ్ల మధ్య నలిపి ముడి వేసేవాడు. ఆ ముడి తరువాత బట్టలో ఎక్కడుందో ఆయనకే తెలియాలి. బాపమ్మ కోపం వస్తే వాడంతా వినబడేటట్టు తిట్టేది. బాపు వినీ విననట్టు ఉండి, ఆమె అలిసిపోయాక, "అయిపోయిందా అవ్వా? నీళ్లు తాగుతవా?" అని అడిగేవాడు. దాంతో బాపమ్మకు నవ్వు వచ్చేది.

ఆయన చదువుకోలేదు. నా చదువు మీద మాత్రం ఆశ ఉండేది. షావుకారు దగ్గరి నుంచి వచ్చే నూలు కట్టలకు పాత పత్రికల కాగితాలు చుట్టి ఉండేవి. కొన్ని ఉర్దూవి, కొన్ని మరాఠీవి, ఎప్పుడన్నా తెలుగువి. బాపు ఆ కాగితాలను చింపకుండా విప్పి, అరచేత్తో ముడతలు సాపు చేసి, తెలుగు అనిపించినవి నా కోసం పలక కింద పెట్టేవాడు. ఒక్కోసారి మరాఠీ కాగితం కూడా పెట్టేవాడు, అది తెలుగు కాదని ఆయనకు తెలియక. మధ్యాహ్నం ఆయన నేస్తుంటే నేను గుంత అంచున కూచుని చదివి వినిపించేదాన్ని. వాటిలో కథలుండేవి, మొదలు ఉంటే చివర ఉండేది కాదు. చివరలేని కథకు బాపు చివర చెప్పేవాడు. ఆయన చెప్పిన చివరల్లో ఎవరూ చచ్చిపోయేవారు కాదు. తప్పిపోయినవాళ్లు ఇంటికి వచ్చేవారు, తిట్టుకున్నవాళ్లు కలిసి అన్నం తినేవారు. అవి కథ చివరలు కావని నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. అయినా అవే కావాలనిపించేది.

ఒక ఏడాది కరువు వచ్చింది. నూలు దొరకలేదు, దొరికినా బట్ట అమ్ముడుపోలేదు. వాడలో మగవాళ్లు ఒక్కొక్కరే షోలాపురం సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలికి పోయారు. బాపు కూడా మా పక్కింటి గంగారాంతో పోయాడు. కొన్ని నెలల తరువాత గంగారామే ఆయన్ను రెక్క పట్టుకుని బస్సు దింపి తీసుకువచ్చాడు. తలకు కట్టు, కట్టు మీద ఎండిన నెత్తురు. సాంచా మీద నాడె చేతితో విసిరేది కాదు, దాని కొనకు ఇనుప మొన ఉంటుంది, ఎప్పుడన్నా దారి తప్పి తుపాకీ గుండులా వస్తుంది. అది వచ్చి ఎడమ కణతకు పైన కొట్టిందట. బాపు పడిపోయి, కక్కుకుని, రెండు రోజులు కళ్లు తెరవలేదని గంగారాం అవ్వకు గుసగుసగా చెప్పాడు. బాపు మాత్రం, "ఏం కాలే, జర తాకింది," అన్నాడు. బాపమ్మ పసుపు నూరి పెట్టింది. గాయం మానింది, వెంట్రుకలు మొలిచి మచ్చను కప్పేశాయి. పండుగ నాటికి ఆ దెబ్బ సంగతి వాడ మరిచిపోయింది. మేమూ మరిచిపోయాం.

మొదట తెలిసింది నాకే. గంజి పులిసిందో లేదో బాపు దూరం నుంచే వాసన పట్టి చెప్పేవాడు. షోలాపురం నుంచి వచ్చాక ఒకనాడు కుండలోకి వంగి, మళ్లీ వంగి, లేచి, "పులిసిందా బిడ్డా?" అని నన్ను అడిగాడు. పరాచికం అనుకున్నాను. మూడునాళ్ల పాచి పప్పు ఏమీ అనకుండా తింటే అవ్వ భయపడి గిన్నె లాక్కున్నది. వాసన పోయినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకున్నాం. ఆ తరువాత నవ్వు మారింది. ఒక చావింట్లో, అందరూ ఏడుస్తుంటే, పాడె కట్టేవాని పంచె జారిందని బాపు పగలబడి నవ్వాడు. బోరింగు దగ్గర ఆడవాళ్లను ఎన్నడూ తలెత్తి చూడని మనిషి, వాళ్ల మధ్యకు పోయి నిలబడి, ఎవరి కుండ సొట్టపోయిందో, ఎవరి మొగుడు గురక పెడతాడో చెప్పేవాడు. ఆడవాళ్లు మొదట నవ్వారు. "లచ్చయ్య బావకు షోలాపురం నీళ్లు పడ్డయి, నోరు వచ్చింది," అన్నారు. తరువాత ఆయన వస్తుంటే కుండలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు.

ఇంట్లో నవ్వు ఉండేది కాదు. తల నొస్తుందని పొద్దున పక్కిళ్ల నాడెల చప్పుడుకే చెవులు మూసుకునేవాడు. గిన్నె కింద పడ్డ చప్పుడు వింటే లేచి వచ్చి కొట్టేవాడు. ఏది దొరికితే దాంతో. ఒకనాడు నూలు కండెల గంపతో అవ్వను కొడితే ఆమె బుగ్గ కమిలిపోయింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. సాయంత్రం బాపు అవ్వ ముఖం చూసి దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, "ఎవరు కొట్టిండ్రే?" అని అడిగాడు. ఆయన కళ్లలో నిజమైన కోపం ఉన్నది, కొట్టినవాని మీద. అవ్వ పొయ్యి దగ్గరికి పోయి కూచున్నది. కొట్టినదానికంటే ఆ అడిగినదానికి ఆమె ఎక్కువ ఏడ్చింది. నేను బడి నుంచి వస్తూ సందు మొదట్లోనే ఆగి బాపు దగ్గు ఎలా ఉందో వినేదాన్ని. దగ్గును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో చెప్పగలిగేదాన్ని.

కాని మగ్గం మీద ఆయన పాత మనిషే. కాళ్లు కడుక్కుని దిగేవాడు. తెగిన పోగును అదే ఓపికతో వెతికేవాడు. అంచు కత్తితో కోసినంత సరిగా వచ్చేది. ఇదే మాకు అర్థం కాని సంగతి, వాడకు మాత్రం ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. మా వాళ్లు మనిషిని బట్టతో కొలుస్తారు. తాగినవాని బట్ట ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలుచగా వస్తుంది. దిగులు పడ్డవాని బట్ట అంచు లోపలికి ఈడుస్తుంది. భార్యతో కొట్లాడి మగ్గం ఎక్కిన వాణ్ణి మా పెద్దవాళ్లు బట్ట చూసి పట్టేసేవారు. అలాంటి పెద్దవాళ్లకు బాపు బట్టలో ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "నేత తప్పనోడు మతి తప్పుతడా?" అన్నారు. "మగ్గం మీద మంచోడు, ఇంట్ల షైతాను. గంతా ఎర్కతోనే చేస్తుండు," అన్నారు. చేతులు నేర్చుకున్నది ఒకచోట ఉంటుందని, మనిషి మంచితనం ఇంకొకచోట ఉంటుందని, ఒకదానికి తాకిన దెబ్బ ఇంకోదానికి తాకకపోవచ్చునని ఎవరికి తెలుసు? బాపమ్మ ఆయన్ను కోరుట్ల దగ్గర ఒక మంత్రగాని దగ్గరికి తీసుకుపోయింది. అతను ఏ పొలిమేర దాటినప్పుడు ఎదురుగాలి తగిలిందో అడిగాడు, ఏ పొద్దున ఏ ఆడది ఎదురొచ్చిందో అడిగాడు. తాయెత్తు కట్టాడు. బాపు దాన్ని దారిలోనే విప్పి మేకపిల్ల మెడకు కట్టాడు.

మా కులపెద్ద పేరు రాజేశం. బాపమ్మకు వరసకు తమ్ముడు, నాకు తాత. ఆయన తమ్ముని బిడ్డ పెండ్లికి పెద్దపల్లి నుంచి మగపెండ్లివారు వచ్చారు. ఆ పిల్లకు ఎడమ చెవి వినబడదు. వాడలో చిన్నపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు, పెండ్లివారికి తప్ప. చెప్పకూడదని ఎవరూ అనుకోలేదు, చెప్పకపోవడం అందరికీ వచ్చు. ముహూర్తానికి ముందు భోజనాల బంతిలో పెండ్లికొడుకు తండ్రి పక్కన బాపు కూచున్నాడు. మర్యాద కోసం పెండ్లికూతురే వడ్డిస్తుంటే ఆ పెద్దమనిషి ఏదో అడిగాడు, పిల్ల పలకలేదు. బాపు ఎంతో ప్రేమగా, అందరికీ వినబడేటట్టు, "గటు నుంచి గాదు బావా, కుడి దిక్కు నుంచి మాట్లాడు. ఎడమ చెవు ఇనరాదు పిల్లకు," అన్నాడు. విస్తళ్ల దగ్గర చేతులు ఆగిపోయాయి. మగపెండ్లివారు లేచారు. కాళ్లా వేళ్లా పడి, పెట్టిపోతలు పెంచి, ఎలాగో ఆ పెండ్లి చేశారు. చేశాక మా బాపును పంచాయితీకి పిలిచారు.

కులం గుడి అరుగు మీద పెద్దలు కూచున్నారు. ఆడవాళ్లం పక్కన గోడ వార నిలబడ్డాం. అవ్వ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తప్పు బాపు మీద పడితే మమ్మల్ని వెలి వేస్తారు, వెలి అంటే మా వాడలో నిప్పు, నీళ్లు ఇవ్వకపోవడం ఒక్కటే కాదు. పడుగుకు గంజి పెట్టేటప్పుడు ఎవరూ చెయ్యి వేయరు. నూలును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, అది ఎండే లోపల కుంచెలతో దువ్వాలి. దువ్వకపోతే పోగులన్నీ అతుక్కుని పోతాయి. అది ఒక ఇంటి చేతులతో అయ్యే పని కాదు. ఈ రోజు మన పడుగుకు వాళ్లు వస్తారు, రేపు వాళ్ల పడుగుకు మనం పోతాం. ఆ చేతులు రాకపోతే మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే పొయ్యి.

"లచ్చయ్యా, పెండ్లిల గా మాట ఎందుకన్నవ్?" అని రాజేశం తాత అడిగాడు.

"ఏ మాట మామా?"

"పిల్ల చెవు మాట."

"ఇనరాదు గద మామా," అన్నాడు బాపు. "ఎడమ దిక్కు మాట్లాడితె పాపం పరేషాన్ అయితది. అందుకే చెప్పిన."

"చూసిండ్రా, ఎంత సక్కగ జవాబు చెప్తుండో!" అని అరుగు మీద నుంచి ఎవరో అన్నారు.

అవ్వ గోడ దగ్గరి నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది. మగవాళ్ల ముందు ఆమె మాట్లాడటం నేను అప్పుడే చూశాను. "మామా, షోలాపురంల నాడె తాకినంకనే గిట్లయిండు. అంతకుముందు ఈయనకు నోట్ల నాలిక ఉన్నదో లేదో అన్నట్టుండె. మీకు ఎర్కనే గద."

"గా దెబ్బ ఎప్పుడో మానింది వదినా," అన్నాడు ఇంకొకాయన. "మచ్చ గూడ కనవడ్తలేదు. మానిన పుండు మాట్లాడ్తదా?" అందరూ నవ్వారు. బాపు కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

రాజేశం తాత నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. "కోడలా," అన్నాడు, "పిచ్చి అంటే చెప్పు. పిచ్చోని మీద తప్పు పెట్టం. గొలుసు ఏసి ఇంట్ల పెట్టుకోండ్రి, మిమ్ముల ఎవ్వరేమనరు. పిచ్చి అంటవా?"

అవ్వ నోరు తెరిచింది. ఆమె ఏమనబోయిందో నాకు ఈ రోజుకూ తెలియదు, ఎందుకంటే అంతలో బాపమ్మ లేచింది. "ఎవడన్నడు నా కొడుకుకు పిచ్చి అని? ఎవని నోరది?" అంటూ కొంగు బిగించుకుని చరచరా ఇంటికి నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో మగ్గం మీద నుంచి ముందునాడే కోసిన చీర ఉన్నది. ఎర్ర అంచు. దాన్ని పెద్దల మధ్య పరిచింది. "చూడు తమ్మీ. ఏలు పెట్టి చూడు. ఒక్క పోగన్న తప్పిందా? అంచు ఏడన్న గుంజిందా? పిచ్చోడు గిట్ల నేస్తడా? చెప్పు!"

చీర చేతులు మారింది. మా వాళ్లు బట్టను కళ్లతో చూడరు, బొటనవేలితో చూస్తారు. బాపును తిట్టినవాని బొటనవేలు కూడా ఆ అంచు మీద మెల్లగా నడిచింది. ఎండకు ఎత్తి చూసినవాడు తల ఆడించాడు. కాసేపు నాకు ఎంతో గర్వంగా అనిపించింది. బాపమ్మ ముఖం వెలిగిపోతున్నది. రాజేశం తాత ఆ చీరను మడత మీద మడతగా, కొత్త చీరను మడిచినంత మర్యాదగా మడిచి, బాపమ్మ చేతిలో పెట్టాడు.

"నేత తప్పలేదక్కా. నువ్వన్నది నిజమే. గిసొంటి బట్ట నేసినోనికి మతి తప్పలే. మతి ఉన్నోడు అన్న మాట, ఇగ తెలిసి అన్నట్టే."

బాపమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "గట్ల గాదు తమ్మీ..." అన్నది. బాపు తెలిసి అన్నానని ఒప్పుకుని అందరి కాళ్లు మొక్కితే వదిలేద్దామన్నారు. "తెలిసే అన్న మామా, తెల్వకుంట ఎట్లంట?" అంటూ బాపు సంతోషంగా మొక్కడం మొదలుపెట్టాడు. నలుగురైదుగురికి మొక్కాడు. వరసలో గంగారాం కనబడగానే మొక్కడం మరిచి, "అరె గంగన్నా, ఎప్పుడొచ్చినవ్?" అని కౌగిలించుకుని నవ్వాడు. పంచాయితీని వెక్కిరిస్తున్నాడని అనుకున్నారు. మమ్మల్ని వెలి వేశారు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ అరుగు మీద మాకు రెండే మాటలు ఇచ్చారు, పిచ్చి లేకపోతే పొగరు. మూడో మాట ఒకటి ఉంటుందని మాకే తెలియదు, వాళ్లకెలా తెలుస్తుంది? ఈ మధ్య మెట్‌పల్లికి పోయినప్పుడు చూశాను, వీధిలో పడుగులు చాచేవాళ్లు తగ్గిపోయారు. గంజి పెట్టి చుట్టిన పడుగులు బయటి నుంచి బండ్ల మీద వస్తున్నాయట. ఈ కాలంలో వెలి వేస్తే వేయనీ అనుకుని బతకవచ్చు. పక్కింటివాని చెయ్యి లేకుండానే మగ్గం నడుస్తుంది. ఒకందుకు అది మంచిదే అనిపించింది. మరి పొద్దున్నే ఇరవై చేతులు ఒకే పడుగు మీద ఆడుతున్న ఆ వీధి గుర్తుకు వస్తే, ఏది మంచిదో చెప్పలేకపోయాను. మమ్మల్ని ఆదుకోగలిగినవాళ్లు కాబట్టే మమ్మల్ని అంతగా బాధపెట్టగలిగారు. బాపు ఆ తరువాత కొన్ని ఏండ్లు బతికాడు, ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. పోయేదాకా నేస్తూనే ఉన్నాడు. అంటే ఆ వెలి నిలవలేదు. అది ఎలా తొలగిందో చెప్పి ఆపుతాను.

వెలి వేసిన నాలుగైదు రోజులకు కొత్త పడుగు సిద్ధమైంది. బాపుకు వెలి సంగతి గుర్తు లేదో, ఉండీ లెక్క లేదో. తెల్లవారుజామునే లేచి వాడలో ప్రతి తలుపూ తట్టాడు. "రాండ్రి, పడుగు పట్టాలె. గంగన్నా, లేవు. మామా, పొద్దెక్కుతుంది." అది ఆయన పాత గొంతు, మెత్తటి గొంతు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. లోపల దగ్గులు వినబడుతున్నాయి, పిల్లలను ఊరుకోబెడుతున్న చప్పుడు వినబడుతున్నది. బాపు తిరిగి వచ్చి, "ఇంక లేవలే," అని మాతోనే మొదలుపెట్టాడు. వద్దని అవ్వ ఎంత చెప్పినా వినలేదు. ఒక కొసన నేను, ఒక కొసన బాపమ్మ పట్టుకున్నాం. అవ్వ గంజి పోస్తుంటే బాపు కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతున్నాడు. అంత బాగా, అంత ఒడుపుగా ఆయన పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. కాని ఒక పక్క దువ్వి వచ్చేసరికి ఇంకో పక్క ఆరుతున్నది. ఎండ గోడలు దిగి వీధిలోకి వచ్చింది. పోగులు అక్కడక్కడ అతుక్కోవడం మొదలైంది. బాపు ఒకచోట ఆగిపోయి, రెండు చేతులతో తల పట్టుకుని, "తలకాయల ఏదో పోగు తెగింది బిడ్డా, కొస దొరుకుతలేదు," అన్నాడు నాతో. మళ్లీ కుంచె ఎత్తుకుని పరుగెత్తాడు.

బాపమ్మ కొడుకునే చూస్తున్నది. ఉన్నట్టుండి తన కొసను గుంజకు చుట్టి, వీధి నడిమికి నడిచింది.

"ఓ రాజేశం! ఇంటున్నవా?" అని అరిచింది. వాడంతా వినబడే ఆమె పాత గొంతే అది. "నా కొడుకు పిచ్చోడు! ఇనబడ్డదా? నేనే చెప్తున్న, కన్నదాన్ని. లచ్చయ్య పిచ్చోడు! ఇగ రాండ్రి. పడుగు పట్టుండ్రి!"

మా పక్కింటి తలుపు తెరుచుకున్నది. గంగారాం కుంచెతో వచ్చాడు. ఇంకొక తలుపు, ఇంకొకటి. రాజేశం తాత తలపాగా కూడా చుట్టుకోకుండా వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా బాపమ్మ వదిలిన కొసను పట్టుకున్నాడు. వీధి నిండా చేతులు. కుంచెల చప్పుడు. బాపు పక్కనే ఉన్నా, "గా కుంచె ఇటియ్యమను," అని అవ్వతో అన్నారు. "జర పక్కకు జరగమను," అని నాతో అన్నారు. ఆ తరువాత ఆయన బతికినన్నాళ్లూ అంతే, ఏ మాటైనా ఆయనతో కాదు, మాతోనే. పడుగు ఆరి, చుట్టి ఇంట్లో పెట్టేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. అందరూ వెళ్లిపోయారు.

బాపమ్మ గడప మీద కూచుని గంజి ఎండిన చేతులను ఒకదాంతో ఒకటి రుద్దుకుంటున్నది. బాపు కాళ్లు కడుక్కుని వచ్చి ఆమె ముందు గొంతుక్కూచున్నాడు. చాలా రోజుల తరువాత ఆయన ముఖం తేటగా ఉన్నది.

"అవ్వా, నేను పిచ్చోన్నా?"

"కాదు బిడ్డా."

"మరి గట్ల చెప్తివి?"

బాపమ్మ తలెత్తలేదు. "పడుగు ఎండిపోతుండె బిడ్డా," అన్నది.

బాపు లోపలికి పోయి, చుట్టిన పడుగు మీద చెయ్యి వేసి, రెండు పోగులను విడదీసి చూసి, గడప దగ్గరికి తిరిగి వచ్చాడు.

"మంచిగనే చెప్పినవ్ తియ్యి అవ్వా," అన్నాడు. "ఒక్క పోగు గూడ అంటుకోలే."